శుభం కార్డు ఖర్చు ఎవరిది?

2004లో కొరియాలో ‘లవర్స్ ఇన్ పారిస్’ అనే సీరియల్ వచ్చింది. రాసిన ఇద్దరిలో ఒకరు కిమ్ ఉన్‌సుక్. తర్వాతి రోజుల్లో ‘గాబ్లిన్’, ‘ద గ్లోరీ’ రాసింది ఆవిడే. పారిస్‌లో చిన్నా చితకా పనులు చేసుకుంటూ చదువుకునే అమ్మాయి, కార్ల కంపెనీ నడిపే డబ్బున్న అబ్బాయి. ఆ తర్వాత ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది చివరి ఎపిసోడ్ గురించి. అప్పటిదాకా మనం చూసిందంతా కథానాయిక రాసుకున్న స్క్రిప్ట్ అని అక్కడ తేలుతుంది. ప్రేక్షకులు మండిపడ్డారు. ఇప్పటికీ కె-డ్రామాల్లో ‘అన్యాయమైన ముగింపుల’ మాట వస్తే దాని పేరు తలుచుకునేవాళ్ళున్నారు.

నేను రేపల్లెలో పెరిగాను. ఆంధ్రా పారిస్ అని పిలిపించుకునే తెనాలి మాకు ఒక ప్యాసింజర్ రైలు దూరం. ఆ టైటిల్ చూసి నవ్వుకునే మొదలుపెట్టాను గానీ, చివరికి ఆలోచనలో పడేసింది మాత్రం ఆ కోపమే. కల్పన అని తెలిసే కదా చూడటం మొదలుపెట్టాం? ఆ కథే వచ్చి ‘ఇదంతా కల్పన’ అని చెప్తే అంత మంట ఎందుకు?

నాకు తోచిన కారణం ఇది. ఇన్ని గంటలు ఆ మనుషుల కోసం బెంగపడ్డాం, ఏడ్చాం, కొందరి మీద కోపం తెచ్చుకున్నాం. ఇందులో ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో కథ తేల్చి చెప్పే చోటు ముగింపు. అందుకే ముగింపు గురించి వాదించుకునేటప్పుడు మనం రుచుల గురించే మాట్లాడుతున్నట్టు కనిపిస్తాం గానీ, నిజానికి మాట్లాడేది న్యాయం గురించి.

ఆ వాదనల్లో రెండు ఫిర్యాదులు మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. మొదటిది: సమాజాన్ని చీల్చి చెండాడుతూ మొదలైన కథ, చివరికొచ్చేసరికి అందరినీ కలిపేసి శుభం కార్డు వేసేసింది, వ్యంగ్యాన్ని అమ్మేసింది. రెండోది దానికి తలకిందులు: హాయిగా నవ్విస్తూ వచ్చిన కథ అనవసరంగా చంపేసింది. మొదటివాళ్ళకి విషాదం నిజాయితీ, రెండోవాళ్ళకి సంతోషం హక్కు. నాకు ఈ రెండు కొలతలూ చాలవనిపిస్తుంది. ముగింపు సుఖమా దుఃఖమా అని కాదు, ఆ ముగింపుకి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అని అడగాలి.

*

‘స్కై కాజిల్’ చూడని తెలుగువాళ్ళు చూస్తే సబ్‌టైటిల్స్ పెద్దగా అక్కర్లేకుండానే అర్థమవుతుంది. 2018 నవంబర్‌లో మొదలై 2019 ఫిబ్రవరి 1న ముగిసింది. స్కై అంటే ఆకాశమొక్కటే కాదు. సోల్ నేషనల్, కొరియా, యోన్సెయ్ అనే మూడు యూనివర్సిటీల పేర్లలోని మొదటి ఇంగ్లీషు అక్షరాలు. డాక్టర్లూ ప్రొఫెసర్లూ ఉండే ఒక ఖరీదైన గేటెడ్ కమ్యూనిటీ, అక్కడి తల్లులు, వాళ్ళ పిల్లల మెడికల్ సీట్లు. సీటు గ్యారంటీ చేసే ‘కోఆర్డినేటర్’ కోసం తల్లులు పడే పాట్లు. మొదటి పది ఎపిసోడ్ల వ్యంగ్యం ఎంత పదునుగా ఉంటుందంటే, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంటర్ చదివిన ఎవరికైనా నవ్వుతో పాటు కడుపులో తిప్పుతుంది.

అందులో హేనా అని ఒక పేద పిల్ల. క్లాసులో ఫస్టు కోసం యెసోతో పోటీపడుతుంది. తల్లి చనిపోయాక, యెసో చెల్లెలికి చదువు చెప్పే మిషతో వాళ్ళింట్లోనే చేరుతుంది. ఆ ఇంటాయన, పెద్ద సర్జన్, ఆమెకి కన్నతండ్రి. ఆ సంగతి ఆయనకి తెలీదు. పరీక్ష పేపర్లు ముందే బయటికొస్తున్నాయని కనిపెట్టినందుకు హేనాని మేడ మీంచి తోయిస్తారు. ఆసుపత్రికి తెచ్చిన హేనాని పక్కన పెట్టి, ఆ సర్జన్ తన పై అధికారి మనవడికి ఆపరేషన్ చేస్తాడు. చనిపోయింది తన కూతురని తర్వాత తెలుస్తుంది.

ఇంతవరకూ వచ్చాక చివరి ఎపిసోడ్‌లో ఏమవుతుంది? అందరూ మారతారు. తల్లి నిజం ఒప్పుకుంటుంది, యెసో స్కూలు మానేస్తుంది, సర్జన్ ఉద్యోగం వదిలేస్తాడు, ఇళ్ళల్లో నవ్వులు మొలుస్తాయి. కొరియాలో చాలామందికి ఈ ముగింపు రుచించలేదు. నీతిపాఠం అయిపోయిందన్నారు.

తెనాలిలో మా అక్క ఈ సీరియల్ నా మాట మీద చూసింది. వాళ్ళమ్మాయి అప్పుడు బైపీసీ రెండో సంవత్సరం. ఎలా ఉందక్కా అని ఫోన్‌లో అడిగితే, “బానే ఉంది రా, అందరూ మారిపోయారు. మరి చచ్చిపోయిన పిల్ల సంగతేంటి? వీళ్ళు మారడానికి అది చావాలా?” అంది.

“అక్కా, నువ్వు రివ్యూలు రాయొచ్చు.”

“కూరలో ఉప్పు తగ్గితే రివ్యూ రాస్తామా? చెప్తాం, అంతే.”

అక్క అన్నదే నాకు ఆ సీరియల్ మీద అసలైన విమర్శ అనిపించింది. ‘సుఖాంతం కాబట్టి చెడ్డ ముగింపు’ అనడం తేలిక. సుఖాంతానికి చెల్లించిన మూల్యం హేనా ప్రాణం. ఆ డబ్బున్న కుటుంబాలు మంచివాళ్ళవడానికి ఒక పేద పిల్ల ఖర్చయింది. చివరి ఎపిసోడ్ వాళ్ళ పశ్చాత్తాపాన్ని ఎంతో ఓపిగ్గా చూపించింది గానీ, ఆ పిల్ల లేకపోవడాన్ని అంత ఓపిగ్గా చూపించలేదు. పేదవాళ్ళని మెట్లుగా వాడుకునే వ్యవస్థ మీద రాసిన వ్యంగ్యం, ముగింపు దగ్గర తనే ఒక పేద పిల్లని మెట్టుగా వాడుకుంది.

*

ఎవరు ఎవరి బిడ్డో చివర్లో బయటపడటాన్ని కొరియావాళ్ళు ‘పుట్టుక రహస్యం’ అంటారు. వాళ్ళ సీరియళ్ళలో అదెంత అరిగిపోయిందంటే, దాని మీద వాళ్ళే జోకులేసుకుంటారు. కానీ మనకది కొత్తేమీ కాదు. దాన్ని తెలుగులో అందరికంటే అందంగా వాడింది తెనాలివాడే.

ఆలూరి చక్రపాణి 1908లో తెనాలి ఐతానగర్‌లో పుట్టారు. క్షయ వ్యాధికి మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకున్నారు. శరత్‌ని తెలుగులోకి ఎంత సహజంగా తెచ్చారంటే, శరత్ తెలుగు రచయితే అనుకున్న పాఠకులు ఉండేవారట. తర్వాత నాగిరెడ్డితో కలిసి విజయా సంస్థ, ‘చందమామ’. 1955 జనవరి 12న వచ్చిన ‘మిస్సమ్మ’ ఆ విజయా వాళ్ళదే, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. మూలం బెంగాలీ కథలు.

‘మిస్సమ్మ’ని మనం ప్రేమకథగా గుర్తుపెట్టుకున్నాం, పాటల కోసం గుర్తుపెట్టుకున్నాం. ఒకసారి వ్యంగ్యంగా చూడండి. బి.ఏ. పాసైన ఇద్దరు నిరుద్యోగులు. ఒక జమీందారు బడికి మొగుడూపెళ్ళాలైన టీచర్లే కావాలని ప్రకటన. ఉద్యోగం కోసం మేరీ, ఎం.టి. రావు మొగుడూపెళ్ళాలుగా నటిస్తారు. డిగ్రీ కంటే మంగళసూత్రానికి విలువెక్కువైన ఉద్యోగ మార్కెట్ మీద ఇంతకన్నా చక్కని ఎత్తిపొడుపు ఉంటుందా? పైగా మేరీ క్రైస్తవురాలు, ఊరికే పేరుకి కాదు, నిజమైన భక్తురాలు. జమీందారు భార్య ప్రేమగా పెట్టబోయే బొట్టు, చేయబోయే పేరంటాలు అన్నీ ఆమెకి ఇబ్బందే. ఎంత ప్రేమగా పెట్టినా బలవంతం బలవంతమే అని సినిమా నవ్విస్తూనే చూపిస్తుంది.

ముగింపులో తేలేది అందరికీ తెలుసు. మేరీ నిజానికి మహాలక్ష్మి. చిన్నప్పుడు తప్పిపోయిన ఆ జమీందారు పెద్దకూతురే. ఆ బడి ఉన్నదే మహాలక్ష్మి పేరు మీద. అంటే ఇన్నాళ్ళూ తన పేరున్న బడిలోనే, తను కాని పేరుతో, తనది కాని కాపురంతో పాఠాలు చెప్పింది. కథాశిల్పంగా చూస్తే ఎంత ముచ్చటైన ముడి! అబద్ధపు పెళ్ళి నిజం పెళ్ళయింది, అబద్ధపు ఇల్లు నిజమైన పుట్టిల్లయింది.

కానీ రెండున్నర గంటలు మనల్ని పట్టి ఉంచిన ప్రశ్న, క్రైస్తవురాలైన మేరీ, హిందువైన రావు పెళ్ళి చేసుకోవచ్చా అన్నది, ఏమైంది? సినిమా దానికి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. జవాబు రాయకుండా ప్రశ్నాపత్రమే మార్చేసింది.

‘ఆ కాలంలో అంతకంటే ఏం చేస్తారు’ అనే మాట వెంటనే వస్తుంది. ఆ కాలాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. మతం మార్చుకోకుండా, వదులుకోకుండా రిజిస్ట్రారు ముందు పెళ్ళి చేసుకునే వీలిచ్చిన ప్రత్యేక వివాహ చట్టం అమల్లోకి వచ్చింది 1955 జనవరి 1న. ‘మిస్సమ్మ’ విడుదలకి సరిగ్గా పదకొండు రోజుల ముందు. తెనాలిలో అయితే పెళ్ళి తంతు మీద చర్చ అంతకు చాలాముందు నుంచే ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి పురోహితుడి అవసరం లేకుండా తెలుగులోనే పెళ్ళి జరిపించుకునేందుకు ‘వివాహవిధి’ రాశారు. ఆయన పోయింది 1943లో. చిన్నతనం తెనాలిలో గడిపిన చలం, బ్రాహ్మణ ఇల్లాలు ముస్లింతో వెళ్ళిపోయే ‘మైదానం’ రాసింది 1927లో. కాబట్టి మేరీ మేరీగానే రావుని పెళ్ళి చేసుకోవడం ఊహకందని సంగతేమీ కాదు. ఇంటిల్లిపాదీ కలిసి టికెట్లు కొనుక్కుని వచ్చే సినిమాకి అది కష్టమైన సంగతి, అంతే.

ఆ శుభం కార్డుకి ఖర్చు పెట్టుకున్నదెవరు? మేరీని పెంచిన క్రైస్తవ దంపతులు. వాళ్ళ కూతురు వాళ్ళది కాకుండా పోయింది. ఇంకా చెప్పాలంటే మేరీ అనే మనిషే ఖర్చయింది. ఆమె ప్రార్థన, ఆమె పౌరుషం, బొట్టు వద్దనే హక్కు అన్నీ ఒక పుట్టుమచ్చ ముందు చెల్లకుండా పోయాయి.

అయినా నాకు ‘మిస్సమ్మ’ మీద ‘స్కై కాజిల్’ మీద వచ్చినంత కోపం రాదు. పక్షపాతం అనుకోవచ్చు, కానీ కారణం ఉంది. రహస్యం బయటపడే క్షణం దాకా, హాల్లో కూర్చున్న ప్రతివాళ్ళూ ఆ క్రైస్తవ అమ్మాయికీ ఆ హిందూ అబ్బాయికీ పెళ్ళవ్వాలనే కోరుకుంటూ ఉన్నారు. ఆమె మహాలక్ష్మి అని తెలిశాక కోరుకోలేదు, మేరీగా ఉన్నప్పుడే కోరుకున్నారు. ముగింపు ఆ కోరికకి ఒక సర్దుబాటు చూపించగలదు గానీ, కోరుకోలేదని అనిపించలేదు. ‘మిస్సమ్మ’ మధ్యభాగం ధైర్యంగా అన్నమాటని ముగింపు మర్యాదగా వెనక్కి తీసుకుంది. అన్నమాట మాత్రం వినపడింది.

*

అలాగని చంపేస్తే నిజాయితీ అయిపోతుందా? బాపట్లలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒక హార్డ్‌డిస్క్ హాస్టల్ గదులన్నీ తిరిగేది. అందులో ‘హై కిక్ త్రూ ద రూఫ్’ ఉంది. 2009-10లో వచ్చిన కొరియా సిట్‌కామ్, నూట ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు. కొండ ప్రాంతం నుంచి చెల్లెల్ని వెంటబెట్టుకుని సోల్ వచ్చి, ఒక డబ్బున్న ఇంట్లో పనిమనిషిగా చేరిన సెక్యుంగ్. ఆ ఇంటి డాక్టరబ్బాయి మీద చెప్పుకోలేని ఇష్టం. ఆ పక్కనే, పేరులేని యూనివర్సిటీలో చదువుతూ, సోల్ యూనివర్సిటీ అని పొరపాటుపడ్డవాళ్ళ దగ్గర నిజం దాచే జంగుమ్. కాలేజీ పేరుని బట్టి మనిషికి వెలకట్టే సమాజం మీద ఆ నవ్వులన్నీ.

చివరి ఎపిసోడ్‌లో వాన. దేశం వదిలి వెళ్ళిపోతున్న సెక్యుంగ్‌ని ఆ డాక్టర్ కారులో ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్తుంటాడు. తన ఇష్టం చెప్పి, కాలం ఇక్కడే ఆగిపోతే బాగుండునంటుంది. తెర నలుపూ తెలుపూ అయి ఆగిపోతుంది. ఇద్దరూ ప్రమాదంలో పోయారని ముందే మనకి తెలియజేస్తారు.

హాస్టల్లో రెండు వర్గాలయ్యాం. పనిమనిషికి డాక్టర్‌తో పెళ్ళి కట్టబెట్టకపోవడమే నిజాయితీ, వ్యంగ్యానికి తగిన ముగింపు అని ఒక వర్గం. ఇంత నవ్వించి ఇలా చేస్తారా అని రెండో వర్గం. ఇప్పుడు ఆలోచిస్తే రెండు వర్గాలూ ఒక విషయం వదిలేశాయి. ఇక్కడ కూడా బిల్లు కట్టింది పనిమనిషే. సుఖాంతమైన ‘స్కై కాజిల్’లో పోయింది పేద పిల్ల, దుఃఖాంతమైన ‘హై కిక్’లో పోయిందీ పేద పిల్లే. ‘లోకం తీరు అంతే, చూపించాం’ అనడం రచయితకి తేలికైన సమర్థన. లోకం తీరుని చూపించడం ఒకటి, చివరి ఎపిసోడ్ బరువెక్కడానికి దాన్ని వాడుకోవడం ఇంకొకటి.

ఖర్చుని వేరేలా పంచిన ముగింపు ఒకటుంది. 2018లో వచ్చిన ‘మై మిస్టర్’. అప్పుల్లో, హింసలో పెరిగిన ఇరవయ్యొక్కేళ్ళ జియాన్. ఆఫీసు రాజకీయాల మధ్య నలిగిపోతున్న నడివయసు ఇంజనీర్ డాంగ్‌హూన్. మామూలు లెక్కలో అయితే ఈ కథకి రెండే ముగింపులు. ప్రేమన్నా కావాలి, ఆ పిల్ల త్యాగమన్నా చెయ్యాలి. రెండూ జరగవు. ఆమెకి కొత్త ఊరు, కొత్త ఉద్యోగం దొరుకుతాయి. ఇతను తన ఒంటరి ఇంట్లో అన్నం తింటూ వెక్కివెక్కి ఏడుస్తాడు. కొన్నాళ్ళకి ఎదురుపడి, చెయ్యి కలుపుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్తారు. ఆ ఏడుపు సీన్‌లో ఏ మాటలూ లేవు. నాకు మాత్రం అది రసీదులా కనిపించింది. ఈ కథ ముగియడానికి కొంత ఖర్చవుతుంది, ఈసారి ఆ ఖర్చు తట్టుకోగలిగినవాడే పెట్టుకున్నాడు.

*

ఈ మాటలన్నీ బాపట్ల మిత్రుడొకడితో అంటే, “ఏంటి మామా, ప్రేమకథలకి కూడా ఆడిటింగా? రోజంతా బగ్గులు చూసి వచ్చి కాసేపు నవ్వుకుందామంటే అక్కడ కూడా టికెట్ రైజ్ చేస్తావా?” అన్నాడు.

వాడి మాటలో న్యాయం లేకపోలేదు. సుఖాంతాన్ని చిన్నచూపు చూడటం చాలాసార్లు కడుపునిండినవాళ్ళ అలవాటు. తెనాలి-రేపల్లె ప్యాసింజర్‌లో, డ్యూటీ దిగి ఇంటికెళ్తూ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కొరియా ప్రేమకథ చూసే అమ్మాయికి ఆ పెళ్ళి జరిగి తీరాలి. భట్టిప్రోలు దాటేలోపు జరిగితే ఇంకా మంచిది. ఆ సంతోషాన్ని ‘పలాయనం’ అని కొట్టిపారెయ్యడానికి నేనెవర్ని? నేనడిగేది సంతోషం ఎందుకు అని కాదు. ఆ సంతోషం వెనక ఎవరినైనా దాచారా అని.

ఇది తెర మీది సంగతే అయితే ఇంతసేపు పట్టుకుని కూర్చోను. మా వైపు ప్రతి వేసవికీ కూడళ్ళలో ర్యాంకుల ఫ్లెక్సీలు లేస్తాయి. అదీ ఒక ముగింపే, శుభం కార్డే. నేను ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీ కూడా ఒకటి వేసింది. వరసగా నవ్వుతున్న పాస్‌పోర్ట్ ఫోటోలు. మా గదిలో నాలుగో మంచం కుర్రాడు రెండో సంవత్సరం మధ్యలో, ఒక రాత్రి వాళ్ళ నాన్నతో ట్రంకుపెట్టె మోసుకుని వెళ్ళిపోయాడు. ఉదయానికి ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. హాజరుపట్టీలో ఎర్ర గీత పడింది. ఎందుకు వెళ్ళాడని క్లాసులో ఎవరూ అడగలేదు, కాలేజీ చెప్పనూ లేదు. అతనిప్పుడు నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు, తన కథకి తనే వేరే ముగింపు రాసుకున్నాడు. కానీ ఆ ఫ్లెక్సీ చెప్పిన కథలో అతను ఎప్పుడూ లేడు. అలాంటి ఫ్లెక్సీలు చూస్తూ పెరిగినవాళ్ళం కాబట్టే, సీరియల్ చివర్లో గ్రూప్ ఫోటో రాగానే అందులో ఎవరు లేరో లెక్కపెట్టుకోవడం మనకి తప్పనిసరి అభ్యాసం అనుకుంటాను. కథల దగ్గర అడగడం అలవాటైతే కూడలి దగ్గర అడగడం కాస్త సులువవుతుంది.

లెక్కపెట్టినంత మాత్రాన కథ చెడిపోదు. మా అక్క హేనా గురించి అడిగాక కూడా ‘స్కై కాజిల్’ బాగుందనే అంది. పెంపుడు తల్లిదండ్రుల సంగతి తట్టిన తర్వాత కూడా నేను ‘మిస్సమ్మ’ చూస్తాను, చూసిన ప్రతిసారీ ఆ పెళ్ళి జరగాలనే కోరుకుంటాను. కాకపోతే ఇప్పుడు సినిమా అయిపోయాక ఇంకొంచెం సేపు కూర్చుంటాను. జమీందారు ఇంట్లో మొదటి రాత్రి మహాలక్ష్మికి నిద్ర పట్టకపోతే, అలవాటు కొద్దీ చేతులు జోడించి ఎవరిని పిలుస్తుంది? ఆదివారం పొద్దున ఆ ఇంట్లోంచి చర్చికి దారి ఉందా? పెంచినవాళ్ళు చూడటానికి వస్తే ఎక్కడ కూర్చోబెడతారు, వరండాలోనా, లోపలా?

సినిమా ఇవేవీ చెప్పదు. అది వదిలేసిన ఆ పని చూసినవాళ్ళది.